తాళం పోయిన లాక్ నట్లు: నాలుగు చక్రాలు విప్పిన నా అనుభవం

అలాయ్ వీల్స్ ఉన్న కార్లలో చాలావాటికి ఒక్కో చక్రానికి ఒక్కో నట్టు మిగతావాటిలా ఉండదు. మామూలు నట్టుకు ఆరు పలకల తల ఉంటుంది, పానా వేసి తిప్పేస్తాం. లాక్ నట్టు తల గుండ్రంగా, నున్నగా ఉంటుంది. దాని ముఖం మీద వంకర టింకరగా ఒక గాడి ఉంటుంది. ఆ గాడిలో సరిగ్గా కూర్చునే చిన్న సాకెట్ లాంటి ముక్కే దాని తాళం. ఒకవైపు గాడికి సరిపోయే అంచు, రెండోవైపు మామూలు పానా పట్టే ఆరు పలకలు. గుప్పెట్లో ఇమిడిపోయేంత వస్తువు. చక్రాలు దొంగల పాలు కాకుండా చేసిన ఏర్పాటు ఇది. కానీ ఆ ముక్క పోయిందంటే యజమాని కూడా తన చక్రం తాను విప్పుకోలేడు.

నేను కొన్నది సెకండ్ హ్యాండ్ కారు. బ్రేకు వేసినప్పుడు ముందు చక్రం దగ్గర గీరుకుంటున్న చప్పుడు మొదలైంది. ప్యాడ్లు అరిగాయేమో చూపిద్దామని మా మావయ్య దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చాలాకాలం మెకానిక్‌గా పనిచేసిన మనిషి, ఇప్పటికీ ఇంటి వెనకాల పనిముట్లన్నీ ఉన్నాయి. చక్రం వైపు వంగి చూసి, "తాళం ఏదిరా?" అన్నాడు. కారు తాళం చేతికివ్వబోతే, "అది కాదు, నట్టు తాళం" అన్నాడు. అలాంటిదొకటి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. కారు అమ్మినాయన నాకు అదివ్వలేదు, దాని ఊసూ ఎత్తలేదు.

వెతకడం మొదలుపెట్టాం. ఈ తాళం ఉండే చోట్లు మావయ్యకు కొట్టినపిండి. డిక్కీలో స్టెప్నీ మధ్యన ఉండే థర్మాకోల్ అర, జాకీ సంచి, డాష్‌బోర్డు అర, సీట్ల మధ్య పెట్టె, తలుపుల జేబులు, సీట్ల కింద, కారు పుస్తకాలు పెట్టే కవరు అడుగు. అన్నీ చూశాం. స్టెప్నీ అరలో తాళం కూర్చునే గుండ్రటి గుంట మాత్రం ఖాళీగా కనిపించింది. పాత యజమానికి ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడాడు. చివరిసారి టైర్లు మార్పించినప్పుడు షాపువాళ్లు వాడారని, ఆ తర్వాత తాను చూడలేదని చెప్పాడు. చాలా తాళాలు పోయేది అలాగేనట. పనివాడు తాళాన్ని తన పానా సాకెట్‌లో పెట్టి నట్లు బిగిస్తాడు, సాకెట్‌తో పాటే అది షాపులో ఉండిపోతుంది, లేదా పక్కన వచ్చిన ఇంకో కారు డిక్కీలోకి వెళ్లిపోతుంది. అందుకే చక్రాలు విప్పిన చోటల్లా తాళం తిరిగి చేతికొచ్చిందో లేదో అక్కడే చూసుకోవాలి.

"ప్యాడ్ల సంగతి తర్వాత, ముందు ఈ నట్ల సంగతి తేల్చాలి. రాత్రిపూట దారి మధ్యలో పంచరైతే స్టెప్నీ ఉండి కూడా లేనట్టే" అన్నాడు మావయ్య. ఆ మాట నా మనసుకు బాగా పట్టింది. ఇంటి ముందు, తీరిక ఉన్నప్పుడు చేసే పనికీ, వర్షంలో రోడ్డు పక్కన చేసే పనికీ చాలా తేడా ఉంది. తాళం లేదని తెలిసినవాళ్లు పంచరయ్యేదాకా ఆగకండి.

పాడు చేయకుండా తీసే దారి ఉందేమో ముందు చూడాలని ఆయన పట్టుబట్టాడు. తాళాలకు కోడ్ ఉంటుంది. తాళం మీదే చిన్న అంకెల్లో గాని, నట్ల సెట్టుతో వచ్చిన కార్డు మీద గాని ముద్రించి ఉంటుంది. ఆ కోడ్ ఉంటే కంపెనీ డీలరు దగ్గరో, మెక్‌గార్డ్ లాంటి తయారీదారు దగ్గరో అలాంటి తాళమే తెప్పించుకోవచ్చు. మా పుస్తకాల కవరులో ఆ కార్డు లేదు. కోడ్ లేకపోయినా ఇంకో దారి ఉంది. ఒక కంపెనీ తన కార్లకు వాడే లాక్ నమూనాలు కొన్నే ఉంటాయి, వాటన్నిటి తాళాల పెట్టెను సర్వీసు సెంటర్లలో ఉంచుకుంటారు. కారు తీసుకెళ్తే ఒక్కొక్కటీ పెట్టి చూస్తారు. సరిపోయింది ఏదో తేలితే నట్లు విప్పి, కొత్త తాళం తెప్పిస్తారు. దేనికీ గీత పడదు.

మేమూ వెళ్లాం. అక్కడి కుర్రాడు ఓపిగ్గా పెట్టెలో ఉన్నవన్నీ పెట్టి చూశాడు, ఏదీ కూర్చోలేదు. "సార్, ఇవి కంపెనీ నట్లు కావు, బయట కొని వేయించినవి" అన్నాడు. అంత స్పష్టంగా చెప్పినందుకు అతని మీద నాకు గౌరవం కలిగింది. దాదాపుగా సరిపోయే తాళం ఒకటుంది, దాన్ని బలవంతంగా తిప్పితే గాడి పూర్తిగా చెడిపోయేది. అతను ఆ పని చేయలేదు. కారుతో పాటు కంపెనీ ఇచ్చిన లాక్ నట్లయితే మాత్రం ఈ దారిలోనే చాలామందికి పని అయిపోతుంది. సుత్తి పట్టుకునే ముందు తప్పకుండా వెళ్లాల్సిన చోటు ఇది.

ఇంటికొచ్చాక మావయ్య టార్చి వేసి ఒక్కో చక్రం దగ్గరా కూర్చుని నట్లను చాలాసేపు చూశాడు. నన్నూ చూడమన్నాడు. ఈ పనంతటిలో విలువైన సమయం అదేనని ఇప్పుడు అనిపిస్తోంది. లాక్ నట్లలో అన్నీ ఒకలాంటివి కావు. కొన్నిటికి తల బయటి గోడ నట్టులో భాగమే, మొత్తం ఒకే ఉక్కు ముక్క. దాని మీద ఏదైనా గట్టిగా పట్టించి తిప్పితే నట్టు తిరుగుతుంది. ఇంకో రకానికి తల చుట్టూ విడిగా ఒక ఉంగరం ఉంటుంది, అది వట్టినే గిరగిర తిరుగుతుంది. దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నా ఉంగరమే తిరుగుతుంది తప్ప నట్టు కదలదు. సరిగ్గా మనలాంటివాళ్లు సాకెట్ కొట్టి తీయకుండా ఉండేందుకే దాన్ని అలా చేశారు. మీ నట్టు ఏ రకమో తేల్చుకోవడానికి చిన్న స్క్రూడ్రైవరు కొనను తల అంచుకు ఆనించి పక్కకు తోస్తే చాలు.

మా కారుకు మూడు చక్రాల మీద ఒకే రకం, గట్టి తల ఉన్నవి. వెనక ఎడమ చక్రం మీది నట్టు మాత్రం ఉంగరం ఉన్న రకం, ముఖం మీది గాడి కూడా వేరే. ఎప్పుడో ఎవరో ఒక నట్టు మార్చి వేరే సెట్టులోంచి ఇది తెచ్చి పెట్టినట్టున్నారు. అంటే పాత తాళం దొరికి ఉన్నా ఆ ఒక్కటీ ఊడేది కాదు.

గట్టి తల ఉన్నవాటికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, తల బయటి కొలత కన్నా కొంచెం చిన్నదైన పన్నెండు మూలల సాకెట్‌ను సుత్తితో కొట్టి తల మీద ఎక్కించడం. లోపలి మూలలు ఉక్కులోకి కోసుకుని పట్టు దొరుకుతుంది. రెండోది, ఈ పనికోసమే దొరికే ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్. దాని లోపల మెలికలు తిరిగిన పదునైన గాళ్లు ఉంటాయి, ఎడమవైపుకు తిప్పేకొద్దీ అవి ఇంకా లోతుగా కరుచుకుంటాయి. నేను రకరకాల కొలతల ఎక్స్‌ట్రాక్టర్ల సెట్టు కొన్నాను. మామూలు సాకెట్ ఈ పనికి బలైపోతుంది, ఆ తర్వాత నట్ల మీద సరిగా కూర్చోదు. పైగా గట్టిపరిచిన ఉక్కు మీద గట్టిపరిచిన ఉక్కును కొడుతున్నప్పుడు చిన్న పెచ్చులు ఎగిరే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. మావయ్య ఇద్దరికీ అద్దాలు, చేతితొడుగులు సిద్ధం చేశాకే సుత్తి తీశాడు.

కొలతలు తీసేటప్పుడు తల వ్యాసం ఒక్కటే చూస్తే సరిపోదు. నట్టు కూర్చున్న గుంతకూ, నట్టు తలకూ మధ్య ఉన్న సందు కూడా చూడాలి. అలాయ్ వీల్‌లో ఆ గుంత ఇరుకుగా ఉంటుంది. సాకెట్ గోడ మందంగా ఉంటే లోపలికి దూరదు, బలవంతంగా దూరిస్తే గుంత గోడను గీకేస్తుంది. వెర్నియర్ కొలబద్దతో రెండూ కొలిచి, అందులో ఇమిడే సాకెట్ ఎంచుకున్నాం. గుంత లోపలి అంచు చుట్టూ పేపరు టేపు అతికించాం. చక్రానికి గీత పడితే బాగుచేయించడం పెద్ద పని. టేపు అతికించడానికి పట్టేది కాసేపే.

కారును చదునైన నేల మీద పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, గేరులో ఉంచి, మిగతా చక్రాల కింద అడ్డు చెక్కలు పెట్టాం. జాకీ ఎక్కించలేదు. నట్టు కదిలేదాకా చక్రం నేల మీదే ఉండాలి. గాల్లో ఉన్న చక్రం మీద పొడవాటి రాడ్డుతో బలం వేస్తే చక్రం తిరిగిపోతుంది, కారు జాకీ మీద నుంచి జారిపోవచ్చు కూడా. తుప్పు వదిలించే నూనె ముందురోజు సాయంత్రమే నట్టు మరల దగ్గర కొద్దిగా చల్లాం. బ్రేకు డిస్కు మీద పడకుండా సన్నటి గొట్టంతో, కొన్ని చుక్కలే.

తర్వాత మావయ్య చేసిన పని నేను ఊహించనిది. లాక్ నట్టును ముట్టుకోకుండా ముందు దాని పక్కన ఉన్న మామూలు నట్లను టార్క్ రెంచితో, అంటే తిప్పే బలం పెట్టిన అంకెకు చేరగానే టిక్కుమనే పానాతో, పరీక్షించాడు. చక్రం విప్పేటప్పుడు చాలామంది ముందు తేలికైనవన్నీ వదులు చేసి, కష్టమైనదాన్ని చివరికి ఉంచుతారు. లాక్ నట్టు విషయంలో అది తలకిందులు పని. మిగతావి వదులైతే చక్రాన్ని హబ్‌కు (చక్రం బిగించే ఇరుసు చివరి భాగానికి) అదిమి పట్టే భారమంతా ఆ ఒక్క నట్టు మీద పడుతుంది, అది ఇంకా బిగిసిపోతుంది. మిగతావన్నీ బిగువుగా ఉన్నప్పుడే లాక్ నట్టును మొదట తీయాలి. మా కారులో ఆ మామూలు నట్లే మామూలు బిగువుకు మించి ఉన్నాయి. ఎక్కడో గాలి గన్నుతో, అంటే గాలి ఒత్తిడితో నట్లు తిప్పే పనిముట్టుతో, ఎడాపెడా బిగించేశారని అప్పుడే అర్థమైంది.

ఆ గన్ను గురించి ఒక మాట. లాక్ నట్ల తాళాన్ని ఎప్పుడూ చేతి పానాతోనే తిప్పాలని తయారీదారులే చెబుతారు. గన్ను కొట్టే దెబ్బలకు తాళం అంచులు విరుగుతాయి, లేదా నట్టు గాడి అరిగిపోతుంది. తాళం చేతిలో ఉండి కూడా నట్టు ఊడని కార్లను తాను చాలా చూశానని మావయ్య అన్నాడు. కారణం ఎక్కువసార్లు ఇదేనట.

మొదటి చక్రం దగ్గర ఎక్స్‌ట్రాక్టర్‌ను తల మీద నిటారుగా ఆనించి, నన్ను పట్టుకోమని ఆయన కొట్టాడు. పెద్ద సమ్మెట వాడలేదు, మధ్యరకం సుత్తి. పొట్టిగా, తూకంగా, సూటిగా పడే దెబ్బలు. "గట్టిగా కొడితే తొందరగా దిగదా?" అన్నాను. "ఈ దెబ్బ నట్టు దగ్గర ఆగదురా. స్టడ్ గుండా, అంటే నట్టు ఎక్కే మరల కాడ గుండా, హబ్‌లోకి, అక్కడి నుంచి బేరింగులోకి పోతుంది. సమ్మెటతో బాదితే గుండ్ల కింద గుంటలు పడతాయి. తర్వాత నడుస్తున్నప్పుడు రొద వస్తుంది" అన్నాడు.

కొడుతున్నంతసేపూ ఆయన చెవి సాకెట్ మీదే ఉంది. మొదట్లో దెబ్బ పడ్డప్పుడల్లా బొంగురుగా, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు శబ్దం. సాకెట్ కిందికి దిగేకొద్దీ అది మారుతూ వచ్చింది. ఒక దశలో ఖంగుమని గట్టిగా, పొట్టిగా మోగింది, సుత్తి చేతిలోకి ఎగదన్నింది. "దిగింది. ఇంక కొట్టకూడదు" అన్నాడు. నా వేళ్ల కింద కూడా తెలిసింది, అంతకుముందు సాకెట్ ప్రతి దెబ్బకూ కొంచెం వణికేది, ఇప్పుడు నట్టుతో కలిసి ఒకే ముక్కైనట్టుంది.

తిప్పడానికి పొడవాటి రాడ్డు వేశాం. ఇక్కడ కుదుపులు పనికిరావు. ఒక చేత్తో సాకెట్ వెనక భాగాన్ని చక్రం వైపు నొక్కిపెట్టి, రెండో చేత్తో రాడ్డును ఒకే బలంతో, ఆపకుండా లాగాలి. కుదిపితే ఎక్స్‌ట్రాక్టర్ పళ్లు జారి తల గుండ్రమైపోతుంది, అప్పుడు దానికన్నా చిన్న కొలతకు వెళ్లాలి, ఆ తర్వాత అదీ లేకుండా పోతుంది. రాడ్డు కొంచెం వంగినట్టనిపించింది. తర్వాత టక్కుమని ఒక చప్పుడు. నేనైతే ఏదో విరిగిందనుకున్నాను. మావయ్య మాత్రం లాగడం ఆపి, ఇంకొంచెం తిప్పి, "వచ్చేసింది" అన్నాడు. బిగిసిన మరలు విడిచిపెట్టేటప్పుడు వచ్చే చప్పుడే అది. విరిగిన స్టడ్ అయితే రాడ్డు ఒక్కసారిగా తేలికైపోతుంది. ఇక్కడ అలా కాలేదు, కొంత బరువు అలాగే ఉండి, తిప్పేకొద్దీ నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది.

ఊడిన నట్టు ఎక్స్‌ట్రాక్టర్ లోపల ఇరుక్కుపోయింది. దాన్ని బయటికి తీస్తేనే మిగతా చక్రాలకు వాడగలం. సాకెట్‌ను వైస్‌లో బిగించి, వెనక చతురస్రపు రంధ్రంలోంచి పంచి పెట్టి కొడితే నట్టు కింద పడింది. తల చుట్టూ మెలికల గాళ్లు ఎంత లోతుగా దిగాయో చూసి ఆశ్చర్యపోయాను. అంత గట్టి ఉక్కు మీద వేలితో తడిమితే తెలిసేంత మెట్లు పడ్డాయి. మిగతా రెండు గట్టి తలల నట్లు కూడా ఇదే పద్ధతిలో, పెద్దగా ఏడిపించకుండా ఊడిపోయాయి. ఒక చక్రం పని పూర్తిగా ముగించి, కొత్త నట్టు వేసి బిగించాకే రెండో చక్రానికి వెళ్లాం. అన్నీ ఒకేసారి సగం సగం విప్పి పెట్టుకోలేదు.

వెనక ఎడమ చక్రం అసలు పరీక్ష. ఉంగరం చిన్నగా, నిగనిగలాడుతూ, వేలితో తోస్తే తిరిగేది. దాని మీద ఎక్స్‌ట్రాక్టర్ కొట్టడం శుద్ధ దండగ. ముందు ఉంగరాన్ని తీసేయాలి.

మేం తంటాలు పడుతుంటే చూడవచ్చిన ఒకాయన, గ్యాస్ మంట పెట్టి ఎర్రగా కాలిస్తే నట్టు వదిలేస్తుందని సలహా ఇచ్చాడు. ఇంకొకరు, తల మీద మామూలు నట్టు వెల్డింగ్ చేసి తిప్పేయమన్నారు. మావయ్య రెండిటికీ ఒప్పుకోలేదు, ఆయన చెప్పిన కారణం ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. గాలి ఉన్న టైరు బిగించి ఉన్న చక్రాన్ని వేడి చేయడం ప్రాణాంతకం. వేడి రిమ్ము గుండా టైరు లోపలికి చేరితే రబ్బరు లోపల్లోపల కమిలి, మండే వాయువులు పుడతాయి. మంట టైరును తాకకపోయినా, మంట ఆపేసిన తర్వాత కూడా టైరు పేలిపోవచ్చు. అలా మనుషులు చనిపోయారు. పైగా అల్యూమినియం రిమ్ముకు వేడి తగిలితే అది తన గట్టిదనం కోల్పోతుంది, పైకి చూస్తే ఏమీ తెలియదు. వెల్డింగ్‌తో లాక్ నట్లు తీసేవాళ్లు ఉన్నారు, అది వాడుకలో ఉన్న పద్ధతే. కానీ బ్యాటరీ విప్పి, టైరులో గాలి పూర్తిగా తీసి, రిమ్ముకు వేడి పాకకుండా అడ్డుపెట్టి, క్షణాల్లో ముగించగల నిపుణుడు చేయాల్సిన పని అది. ఇంటి ముందు చేసేది కాదు.

డ్రిల్లింగ్ ఇంకో దారి. బోల్టులతో బిగించే కార్లలో, అంటే ఫోక్స్‌వ్యాగన్, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ లాంటి వాటిలో, తల నడిమధ్యన డ్రిల్ చేస్తూ పోతే చివరికి తల ఊడిపోయి చక్రం బయటికొస్తుంది. మిగిలిన కాడను పట్టకారుతో తిప్పి తీసేయొచ్చు, తల నొక్కుడు పోయాక అది వదులుగానే ఉంటుంది. మా కారులో హబ్‌కు స్టడ్లు ఉండి వాటి మీద నట్లు బిగిస్తారు. ఇందులో నట్టు మధ్యన డ్రిల్ చేస్తే స్టడ్ కూడా పోతుంది. ఉక్కు గట్టిది కాబట్టి కోబాల్టు డ్రిల్లు కావాలి, చేయి జరిగితే రిమ్ము పోతుంది. చివరి ఆయుధంగా దాన్ని పక్కన పెట్టాం.

మావయ్య సన్నటి ఉలి ఒకటి తీసి దాని కొనను సానరాయి మీద మళ్లీ పదును పెట్టాడు. ఉంగరం మందం తక్కువే. ఉలిని దాని ముందు అంచు మీద, నట్టు లోపలి భాగానికీ ఉంగరానికీ మధ్యనున్న సన్నటి గీతలో పెట్టి, చిన్న చిన్న దెబ్బలతో చీల్చుతూ పోయాడు. ఉంగరం తిరిగిపోతుంటే నేను రెండో వైపు నుంచి స్క్రూడ్రైవరు ఇరికించి పట్టుకున్నాను. ఒకచోట రేకు పగిలి నోరు తెరిచింది. అక్కడి నుంచి పొడవు ముక్కు పట్టకారుతో పట్టి మెలితిప్పుతూ, కొద్దికొద్దిగా ఒలుచుకుంటూ వచ్చాడు. చివరి ముక్క బయటికొచ్చేసరికి చేతితొడుగు మీద అంతా ఉక్కు పొడి. లోపల నట్టు అసలు ఒళ్లు కనిపించింది, పైకి సన్నబడుతున్న ఆకారం. పై అంచు కన్నా మొదట్లో కొంచెం లావు.

దాని మీద కొట్టిన మొదటి ఎక్స్‌ట్రాక్టర్ సన్నటి భాగం దగ్గరే పట్టుకుని, బలం వేయగానే జారింది. అప్పుడే మావయ్య ఆపేశాడు. ఇంకోసారి లాగి చూద్దామని నాకనిపించింది గాని, జారిన తర్వాత లాగే ప్రతి సారీ ఉన్న లోహం తరిగిపోతుందని ఆయన ఊరుకోలేదు. సెట్టులో దానికన్నా చిన్నది తీసి, తల మొదలుదాకా దిగేలా ఓపిగ్గా కొట్టాడు. ఖంగుమన్న శబ్దం రావడానికి చాలాసేపే పట్టింది. ఈసారి రాడ్డు ఇద్దరం పట్టుకున్నాం, ఒకరు సాకెట్ వంకరపోకుండా నొక్కి పట్టి, ఒకరు లాగుతూ. కదిలింది. కానీ మిగతావాటిలా తర్వాత తేలిక కాలేదు. చివరిదాకా కీచుమంటూ, బరువుగానే తిరిగింది.

ఆ బరువుకు కారణం చక్రం తీశాక కనిపించింది. స్టడ్‌ను వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, మామూలు నట్టును చేత్తో ఎక్కించి చూశాం. మంచి స్టడ్ మీద నట్టు వేళ్లతోనే చివరిదాకా వెళ్తుంది. ఇక్కడ సగం దూరం హాయిగా వెళ్లి, అక్కడ పట్టేసింది. దగ్గరగా చూస్తే ఆ భాగంలో మరల మధ్య దూరం కొంచెం ఎడంగా ఉంది. స్టడ్ సాగిపోయింది. మితిమీరి బిగించినప్పుడు ఉక్కు సాగి, తిరిగి దగ్గరికి రాని స్థితికి చేరుతుంది. అలాంటి స్టడ్‌ను మళ్లీ వాడకూడదు, ఏదో ఒకనాడు తెగుతుంది. మిగతా మూడు చక్రాల స్టడ్లు బాగానే ఉన్నాయి.

స్టడ్ మార్చడం అనుకున్నంత పెద్ద పని కాలేదు. డిస్కు తీసి, పాతదాన్ని సుత్తితో వెనక్కి కొడితే హబ్‌లోంచి జారింది. కొత్తదాన్ని వెనక నుంచి దూర్చి, దాని పళ్లు పాత గాళ్లలో కూర్చునేలా తిప్పి, ముందు నుంచి దళసరి వాషర్లు వేసి, పాత నట్టుతో నెమ్మదిగా లాగాం. వెనక తల హబ్‌కు పూర్తిగా ఆనిందని అద్దం పెట్టి చూశాకే ఆపాం. పనిలో పనిగా హబ్ ముఖం మీది తుప్పు కూడా రుద్దేశాం, చక్రం అక్కడ సమంగా కూర్చోకపోతే నట్లు ఎంత బిగించినా నిలవవు.

కొత్త నట్లు కొనేటప్పుడు మూడు సంగతులు సరిచూడాలి. మర కొలత మొదటిది. కార్లలో ఎక్కువగా 12 లేదా 14 మిల్లీమీటర్ల స్టడ్లు, మర పిచ్ (పక్కపక్క మరల మధ్య దూరం) 1.25 గాని 1.5 గాని మిల్లీమీటర్లు ఉంటాయి. 1.5 మరకు 1.25 నట్టు మొదటి చుట్టు ఎక్కినట్టే ఎక్కి మరలు పాడుచేస్తుంది. రెండోది నట్టు కూర్చునే ముఖం: కొన్ని శంకువు ఆకారంలో, కొన్ని బంతిలా గుండ్రంగా, కొన్ని బల్లపరుపుగా వాషరుతో ఉంటాయి. రిమ్ము గుంత ఏ ఆకారంలో ఉంటే నట్టు కూడా అదే ఆకారంలో ఉండాలి. శంకువు గుంతలో బంతి నట్టు వేస్తే ఆనేది సన్నటి గీత మేరే, నడిచేకొద్దీ వదులైపోతుంది. మూడోది పొడవు. మరలు ఎన్ని చుట్లు పట్టుకుంటున్నాయో చూసుకోవాలి. ఊడిన పాత నట్లను చేతిలో పెట్టుకుని షాపుకెళ్లడం దీనికి ఉత్తమ మార్గం.

మళ్లీ లాక్ నట్లే వేయాలా అన్న ప్రశ్న వచ్చింది. నేను మామూలువే వేయించాను. మా చక్రాలు ఖరీదైన రకం కావు, కారు రాత్రిళ్లు గేటు లోపలే ఉంటుంది. దొంగతనం భయం నిజంగా ఉన్నచోట కారు పెట్టుకునేవాళ్లకు లాక్ నట్లు అవసరమే, వద్దనను. అలాంటివాళ్లు కోడ్‌ను ఫోనులో ఫొటో తీసి ఉంచుకుని, తాళాన్ని జాకీ సంచిలోనే కట్టి ఉంచితే ఈ బాధ రాదు.

బిగింపు చేత్తోనే. ముందు నట్లన్నీ వేళ్లతో ఎక్కించి, చక్రం గాల్లో ఉండగా ఎదురెదురు నట్లను కొద్దికొద్దిగా బిగించి, కిందికి దించాక టార్క్ రెంచితో పూర్తిచేశాం. కార్లలో చాలావాటికి ఈ టార్క్, అంటే తిప్పే బలం లెక్క, 85 నుంచి 140 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ కారు పుస్తకంలో ఉన్న అంకే సరైనది. మరలకు నూనెగాని గ్రీజుగాని పూయలేదు. ఆ అంకె పొడి మరలకు చెప్పినది. నూనె ఉంటే రాపిడి తగ్గి, అదే టార్క్‌కు స్టడ్ ఎక్కువ లాగబడుతుంది. మేం ముందురోజు చల్లిన నూనెను కూడా గుడ్డతో తుడిచి, మరలు ఆరాకే నట్లు వేశాం. బ్రేకు ప్యాడ్లు అరిగిపోయే ఉన్నాయి, అవీ మార్చాం, గీరుకుంటున్న చప్పుడు పోయింది.

చక్రం విప్పిన తర్వాత 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక నట్లను మరోసారి సరిచూసుకోవాలి. అలా చూసినప్పుడు మూడు చక్రాల నట్లు రెంచి టిక్కుమనేదాకా కదల్లేదు. కొత్త స్టడ్ ఉన్న చక్రం మీది ఆ ఒక్క నట్టు మాత్రం కొంచెం తిరిగింది. కొత్త స్టడ్ హబ్‌లో ఇంకాస్త లోపలికి సర్దుకున్నప్పుడు అలా జరుగుతుందని, రెండోసారి కూడా కదిలితే హబ్ గాడి అరిగిందేమో చూడాలని మావయ్య చెప్పాడు. ఇంకొంత దూరం తిరిగొచ్చి మళ్లీ రెంచి వేస్తే, వేసిన వెంటనే టిక్కుమంది.